ఫ్రీ టూలు, తలకింత బిల్లు

టూలు ఎంచుకునేటప్పుడు ఫీచర్ల మీద గంటలకొద్దీ కొట్టుకుంటాం గానీ, లైసెన్సు పేజీ వచ్చేసరికి "ఐ అగ్రీ" నొక్కేస్తాం. డాకర్ డెస్క్‌టాప్ సంగతే చూడండి. 2021 ఆగస్టులో నిబంధన మార్చారు: 250 మంది ఉద్యోగులు, కోటి డాలర్ల వార్షికాదాయం – రెండిట్లో ఏది మించినా కంపెనీ డబ్బు కట్టాల్సిందే.

2023 జనవరిలో ఒరాకిల్ ఇంకో అడుగు ముందుకేసింది. జావా చందాకి మొత్తం ఉద్యోగుల్ని లెక్కేస్తుంది. జావా మొహమే చూడని అకౌంటెంటు కూడా అందులో ఉన్నట్టే! ఓపెన్‌జేడీకే నుంచి తయారైన టెమురిన్ వాడితే ఆ చందా గొడవే లేదు.

నా మటుకు నాకు, మీటింగులో మొదటి ప్రశ్న ఇదే కావాలి: "లెక్క వాడేవాళ్ళ మీదా, కంపెనీ మొత్తం మీదా?" అడగాల్సింది లీగల్ వాళ్ళు కాదండీ, మనమే. డౌన్‌లోడ్ చేసేది మనమే కదా!