గోడలోంచి పోయే కరెంటు

దోమకొండ గడి గోడ దాటాలంటే పైకెక్కాలి, లేకుంటే దర్వాజ తీయించుకోవాలి. మరమ్మతు బాగా చేశారని 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది కనుక పగులు వెతుక్కుని దూరే వీలు కూడా లేదు. ఎలక్ట్రాను ఈ తిప్పలు పడదు. గోడ సన్నగా ఉంటే చాలు, ఎక్కే బలం లేకున్నా, చిల్లు లేకున్నా అవతల తేలుతుంది. అన్నీ కాదు, ఏ కొన్నో. ఎలక్ట్రానుకు అల స్వభావం ఉంది. గోడ తగలగానే ఆ అల తెగిపోదు, లోపలికి పోతూ సన్నగిల్లుతుంది. గోడ అయిపోయేసరికి ఎంత మిగిలితే, అవతల ఎలక్ట్రాను దొరికే అవకాశం అంత. ఇదే టన్నెలింగ్.

ఇది పరాయి ముచ్చట కాదు. ఫోన్లో పెళ్లి ఫొటో దాచుకున్నామంటే, పది నానోమీటర్ల లోపు మందమున్న పొరలోంచి ఎలక్ట్రాన్లను తోసి అవతల బంధించినట్టు. తోసీ తోసీ ఆ పొర పాడవుతుంది, మెమరీ కార్డులు ముసలివయ్యేది అందుకే. అమరావతిలో పెడతామని 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటం కంప్యూటర్‌కూ ఇదే ఆధారం.

గోడను ఎంత పల్చగా కట్టగలం? ఒక్క పరమాణువు మందం దాకా. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ గ్రాఫైట్ మీద టేపు అంటించి పీకి ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ రేకు, అంటే గ్రాఫీన్ తీశారు. అయితే ఆ రేకులో పోతూ గోడకు నేరుగా ఎదురొచ్చే ఎలక్ట్రాను ముందు ఎంత ఎత్తు గోడ పెట్టినా, ఎంత మందం పెంచినా ఆగదు. 1929లో ఆస్కార్ క్లైన్ కాగితం మీద తేల్చిన చిక్కు ఇది. గ్రాఫీన్‌లో ఇలా జరగాలని 2006లో లెక్కకట్టారు, 2009కల్లా ప్రయోగాల్లో ఆనవాళ్లు దొరికాయి. స్విచ్ తయారుచేసేవాడికి మాత్రం ఇది తలనొప్పే. ఆపలేని గోడతో ఆఫ్ ఎలా చేస్తాడు? మాంచెస్టర్ వాళ్లే 2012లో దారి మార్చారు. రెండు గ్రాఫీన్ రేకుల నడుమ బోరాన్ నైట్రైడ్ పొరలు పెట్టి కరెంటును నిలువునా పంపారు. ఆన్‌కీ ఆఫ్‌కీ తేడా 50 రెట్లు వచ్చింది, గోడకు మాలిబ్డినం డైసల్ఫైడ్ వాడితే 10,000 రెట్లు.

పొరలుగా ఊడే పదార్థం కోసం మనం మాంచెస్టర్ పోనక్కర్లేదు. రిపేరు షాపులో పాత ఇస్త్రీపెట్టె విప్పితే కాయిల్ దగ్గర మైకా రేకు కనిపిస్తుంది. అభ్రకమే, గూడూరు గనుల్లో తవ్వే సరుకు. గోరుతో అంచు విడదీస్తే రేకు రెండవుతుంది, ఆ సగం మళ్లీ రెండు. వేలికి చిక్కనంత పల్చబడ్డాక కూడా అందులో వేల పొరలుంటాయి. పొర లోపల పట్టు గట్టిది, పొరకూ పొరకూ మధ్య వదులు. ఆ తలం ఎంత చదునంటే, 2009లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు గ్రాఫీన్‌ను ముడతల్లేకుండా పరచడానికి మైకానే వాడారు.

సరుకు చేతికి అందుతున్నా ప్రయోగం అందడం లేదు, నా గొడవంతా ఇక్కడే. క్వాంటం పేరిట రాజధానుల్లో సభలు జరుగుతున్నాయి. మా వైపు ఇంటర్ పిల్లలేమో ఎంట్రెన్స్ బిట్ల కోసమే ఫిజిక్స్ చదువుతారు, ప్రాక్టికల్ రికార్డుల్లో రీడింగులు సీనియర్ల దగ్గర్నుంచి దిగుమతి. టన్నెలింగ్‌ను కళ్లారా చూపడానికి 1957లో లియో ఎసాకి కనిపెట్టిన టన్నెల్ డయోడ్ ఉంది. డిగ్రీ, ఇంజనీరింగ్ ల్యాబులకు పాత చుట్టమే. దానికి ఓల్టేజీ మెల్లగా పెంచుతుంటే కరెంటు కొంత పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. పెంచుతుంటే తగ్గడమేమిటని మీటరు ముల్లును చూసి ఎవరైనా అడగాల్సిందే. డయోడ్, బ్యాటరీ, రెండు మీటర్లు, ఓ పొటెన్షియోమీటర్, అంతే సరంజామా. దోమకొండ, ఎల్లారెడ్డి, బిచ్కుంద లాంటి చోట్ల సర్కారు జూనియర్ కాలేజీల్లో ఇది ఎందుకుండకూడదు?

మార్కులు పెడితే మావాళ్లు చేసి తీరుతారు. నకలు భయం కూడా తక్కువే. కరెంటు తగ్గుముఖం పట్టే చోటు డయోడ్‌కూ డయోడ్‌కూ కాస్త తేడా ఉంటుంది, ఒకరి రీడింగులు ఇంకొకరికి అతకవు.