ఆ మధ్య రోజులు ఎక్కడ?

పోస్టు పెద్దది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ప్రభుత్వానికి రహస్యాలే ఉండకూడదని నేను అనను. సరిహద్దులో సైన్యం ఎక్కడుందో ఊరంతా దండోరా వెయ్యమని ఎవ్వరం అడగట్లేదు. కానీ ఒక కాగితాన్ని దాచడం వేరు, ఒక మనిషిని దాచడం వేరు. కాగితం కోసం ఏడ్చే తల్లి ఉండదు. మనిషి కోసం ఉంటది. నేను ఈ పోస్టులో అడిగేది ఒక్కటే: మనిషిని ఇంట్లోంచో సంతలోంచో తీసుకెళ్లిన తారీకుకీ, పేపర్లో "వాహనాల తనిఖీలో పట్టుబడ్డాడు" అని పడే తారీకుకీ మధ్య ఉన్న రోజులు ఎక్కడికి పోతన్నాయి?

ఇది ఏజెన్సీలో పుట్టినోళ్లకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మఫ్టీలో నలుగురు వస్తారు. ఒంటి మీద యూనిఫాం ఉండదు, జేబు మీద పేరు ఉండదు, బండికి ఒక్కోసారి నెంబరు కూడా ఉండదు. "చిన్న ఎంక్వైరీ, సాయంత్రానికి పంపిస్తాం" అంటారు. ఏ సాయంత్రమో చెప్పరు. మా పక్క గూడెం కుర్రోడిని సంతలో మిరియాలు అమ్ముతుంటే అట్లాగే తీసుకెళ్లారు. వాళ్లమ్మకి కువి తప్ప ఇంకో భాష రాదు. స్టేషన్‌కి పోతే "మాకు తెలీదు" అన్నారు. ఇంకో స్టేషన్‌కి పొమ్మన్నారు. అక్కడా అదే మాట. అర్జీ నేనే రాశాను, ఎందుకంటే ఆ చుట్టుపక్కల కాలేజీలో చదివేది నేనొక్కడినే. అర్జీ తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. ఆరో రోజున ఆ కుర్రోడు పేపర్లో కనిపించాడు, మొహానికి గుడ్డ కట్టి, పక్కన అధికారులు నిలబడి. ముందు రోజు పట్టుకున్నామని రాశారు. మరి మిగతా నాలుగు రోజులు వాడు ఎక్కడ అన్నం తిన్నాడు? ఎవరు పెట్టారు? పెట్టారా?

వాడు తప్పు చేశాడా లేదా నాకు తెలీదు. అది కోర్టు చెప్పాలి. నేను అడిగేది వాడి తప్పు గురించి కాదు, ఆ నాలుగు రోజుల గురించి.

చట్టం ఏం చెప్తుందో చూడండి. రాజ్యాంగం 22వ అధికరణం: పట్టుకున్న మనిషికి ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ప్రయాణం టైము తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకా విడమరిచి చెప్పింది. పట్టుకునే అధికారి పేరు కనపడేలా పెట్టుకోవాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద టైము, తారీకు ఉండాలి, ఇంటోళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఎక్కడ ఉంచారో సొంతోళ్లకి తెలియజెయ్యాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కూడా ఇవన్నీ 36, 47, 48, 58 సెక్షన్లలో ఉన్నాయి. అందరం భయపడే ఉపా చట్టం కింద పట్టుకున్నా సరే, ఈ 24 గంటల రూలు పోదు. పట్టుకున్న కారణాలు రాతపూర్వకంగా చేతికివ్వాలని ఉపా కేసులోనే 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అంటే చట్టం లేక కాదు ఇది జరిగేది. చట్టం స్టేషన్ గడప లోపల ఉంది కాబట్టి మనిషిని ఆ గడప ఎక్కించకుండా జరుగుతుంది. ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ గెస్ట్‌హౌస్‌లో కెమెరా ఉండదు. క్యాంపు వెనక గదిలో ఉండదు. జీపు వెనక సీట్లో ఉండదు. మెమోలో తారీకు మార్చి రాస్తే మిగతా రూల్స్ అన్నీ ఆ అబద్ధం తారీకు నుంచి లెక్క మొదలెడతాయి. 24 గంటలు అన్నది కాగితం మీద కరెక్టుగానే ఉంటది. మనిషి ఒంటి మీద మాత్రం ఆరు రోజులు ఉంటాయి.

అసలు ఈ మఫ్టీ మనుషులు ఎవరు? లోకల్ పోలీసులైతే కనీసం సీఐ పేరైనా తెలుస్తది. నిఘా విభాగం వాళ్లైతే ఆ పేరు కూడా ఉండదు. దేశం మొత్తానికి పెద్ద నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరో. దాని మూలాలు 1887లో, తెల్లోళ్ల కాలంలో ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా ఆ సంస్థ అధికారాలు ఇవీ, హద్దులు ఇవీ అని పార్లమెంటు చేసిన చట్టం లేదు. ఒక చట్టం మాత్రం ఉంది, 1985లో చేశారు. అది నిఘా సంస్థల ఉద్యోగులు సంఘాలు పెట్టుకోకుండా, పత్రికలతో మాట్లాడకుండా ఆపేది. నోరు మూయించడానికి చట్టం దొరికింది గానీ చేతికి హద్దు గీయడానికి దొరకలేదు. 2011లో ఎంపీ మనీష్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టాడు. చట్టం కాలేదు.

నిఘా సంస్థకి మనిషిని బంధించే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. వాళ్ల పని సమాచారం సేకరించడం. బంధించడానికి పోలీసులున్నారు, పోలీసులకి పైన కోర్టుంది. ఈ గొలుసులో పోలీసుని పక్కకి నెట్టి నిఘా మనిషే తీసుకెళ్తే, కోర్టు ఎవరిని అడగాలి? పేరు లేనోడికి నోటీసు ఎట్లా వెళ్తది?

సమాచార హక్కు చట్టం వేద్దాం అంటారు. ఆ చట్టంలోనే 24వ సెక్షన్ ఉంది. నిఘా సంస్థలకి మినహాయింపు. రాష్ట్రాలు కూడా తమ నిఘా విభాగాలకి ఆ మినహాయింపు ఇచ్చుకోవచ్చు. కానీ అదే సెక్షన్లో ఒక మాట ఉంది, అది మనోళ్లు చాలామంది చదవలేదు: అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకి సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. అంటే తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. సందు ఉంది. ఆ సందులోంచి అడగడం మనం నేర్చుకోవాలి.

ఇప్పుడు మన గ్రూపులోనే కొందరు అనే మాటకి వస్తాను. "తప్పు చెయ్యనోడికి భయమెందుకు?" ఈ మాట అనేవాళ్లు ఒక లెక్క వినాలి. అమెరికా నిఘా సంస్థ సీఐఏకి డబ్బుకి, మిషన్లకి, మనుషులకి కొదవ లేదు. 2001 తర్వాత అది వేరే దేశాల్లో రహస్య జైళ్లు నడిపింది. 2014 డిసెంబర్లో వాళ్ల సెనేట్ కమిటీయే రిపోర్టు బయటపెట్టింది. ఆ జైళ్లలో పెట్టింది 119 మందిని. అందులో కనీసం 26 మందిని వాళ్ల సొంత రూల్స్ ప్రకారమే పెట్టకూడదు. ఖాలిద్ ఎల్-మస్రీ అనే జర్మనీ పౌరుడిని 2003 చివరి రోజున మాసిడోనియా సరిహద్దులో పట్టుకున్నారు. ఎందుకంటే అతని పేరు, వాళ్లు వెతికే ఇంకొకడి పేరు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అఫ్ఘానిస్తాన్ తీసుకెళ్లి నెలల తరబడి ఉంచి, 2004 మేలో అల్బేనియాలో ఒక రోడ్డు మీద వదిలేశారు. 2012లో యూరప్ మానవ హక్కుల కోర్టు మాసిడోనియా ప్రభుత్వాన్ని తప్పు పట్టింది.

పేరు కలిసినందుకు! ఇప్పుడు మన గూడేలు గుర్తు తెచ్చుకోండి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నోళ్లు ఒక్క పంచాయతీలో ముగ్గురు దొరుకుతారు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, రేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగు. స్కూల్లో సారు పెట్టిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఒకటి. అంత పెద్ద సంస్థే పేరు దగ్గర తప్పు చేస్తే, మన దగ్గర చెయ్యరని ఎవరు హామీ? మేజిస్ట్రేట్ ముందుకి 24 గంటల్లో తీసుకెళ్లమనేది నేరస్తుడి మీద జాలితో కాదు. తప్పు మనిషిని పట్టుకుంటే ఆ తప్పు ఒక్క రోజులో బయటపడాలని.

హాస్టల్లో ఉండే మనకి ఇంకో కథ తెలియాలి. ఎమర్జెన్సీ రోజులు, 1976 మార్చి 1. కేరళలో కాలికట్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివే రాజన్ అనే కుర్రోడిని హాస్టల్ దగ్గర పోలీసులు పట్టుకున్నారు. కక్కయం అనే చోట క్యాంపుకి తీసుకెళ్లారు. మళ్లీ కనిపించలేదు. తండ్రి ఈచర వారియర్, హిందీ ప్రొఫెసర్, తిరగని ఆఫీసు లేదు. ఆ టైములో కోర్టులు కూడా తలుపు మూసుకున్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో నలుగురు జడ్జిలు, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదన్నారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తీర్పు తప్పని 2017లో సుప్రీంకోర్టే కొట్టేసింది. ఎమర్జెన్సీ పోయాక 1977లో వారియర్ కేరళ హైకోర్టుకి వెళ్తే, రాజన్‌ని అసలు అరెస్టే చెయ్యలేదని ప్రభుత్వం చెప్పింది. కోర్టు నమ్మలేదు. ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవిలోకి వచ్చిన నెలకే రాజీనామా చెయ్యాల్సొచ్చింది. కొడుకు శవం మాత్రం ఆ తండ్రికి దొరకలేదు. 2006లో ఆయన కూడా పోయాడు.

ఆయన ప్రొఫెసర్. చదువుంది, భాష ఉంది, మంత్రుల ఇంటికి పోగలిగే పరిచయాలు ఉన్నాయి. అయినా దొరకలేదు. కువి తప్ప రాని తల్లి సంగతి ఏంటి?

ఆదివాసీల కేసు కూడా ఒకటుంది. మణిపూర్‌లో హుయినింగ్ అనే నాగా ఊరు. 1982 మార్చిలో అక్కడి స్కూలు హెడ్‌మాస్టర్‌ని, చర్చి అసిస్టెంట్ పాస్టర్‌ని సైన్యం తీసుకెళ్లింది. వాళ్లు క్యాంపు నుంచి తిరిగి వెళ్లిపోయారని ప్రభుత్వం అన్నది. ఊరోళ్లకి మాత్రం తిరిగి రాలేదు. హెబియస్ కార్పస్ సుప్రీంకోర్టు దాకా పోయింది. మనుషుల్ని తెచ్చి చూపించమని కోర్టు ఆదేశించినా చూపించలేకపోయారు. 1984లో ఇద్దరి భార్యలకి చెరో లక్ష ఇమ్మని కోర్టు చెప్పింది. భర్తకి బదులు లక్ష. అయినా ఆ కేసు గొప్పదే, ఎందుకంటే "మాకు తెలీదు" అన్న మాటని దేశంలో పెద్ద కోర్టు ఒప్పుకోలేదు.

"మరి మావోయిస్టులు చేసింది?" అని అడుగుతారు. అడగాల్సిందే. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి, రాత్రి లేపి తీసుకెళ్లి చంపడం కూడా ఇదే జాతి పని. అక్కడా పేరు లేని తీర్పు, అప్పీలు లేని శిక్ష. 2018 సెప్టెంబర్ 23న లివిటిపుట్టు దగ్గర మన జాతి నాయకులే కిడారి సర్వేశ్వరరావుని, సివేరి సోమని కాల్చేశారు. దాన్ని నేను సమర్థించను, ఎవరు సమర్థించినా ఒప్పుకోను. కానీ ఒక తేడా ఉంది. వాళ్లు రాజ్యాంగాన్ని ఒప్పుకోమని చెప్పే అడవిలోకి పోయారు. ప్రభుత్వం రాజ్యాంగం మీద ప్రమాణం చేసి కుర్చీలో కూర్చుంది. మాట ఇచ్చినోడినే కదా మాట అడుగుతాం!

ఇంకో మాట, ఇది పెద్దోళ్లు ప్రేమతో అంటారు. "నువ్వు మొదటి తరం. చదువుకో. ఉద్యోగం తెచ్చుకో. ఇవన్నీ నీకెందుకు?" మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, ఆ మాట బరువు నాకు తెలుసు. కానీ మనకి చదువొచ్చిందని తెలియగానే ఊరోళ్లు మన దగ్గరికి తెచ్చేది ఏంటి? పట్టా కాగితం, కోర్టు నోటీసు, స్టేషన్ కాగితం. అవి చదివి పెట్టలేకపోతే ఈ చదువు ఎవరికి?

అడగాల్సినవి నాలుగు. నిఘా సంస్థలకి పార్లమెంటు, అసెంబ్లీ చట్టం చెయ్యాలి, హద్దు గీయాలి. మఫ్టీలో వచ్చినోడు గుర్తింపు చూపించకుండా మనిషి మీద చెయ్యి వెయ్యకూడదు. స్టేషన్‌కి వచ్చిన తల్లికి ఆమె భాషలో జవాబు, చేతికి రసీదు ఇవ్వాలి. బలవంతంగా మాయం చెయ్యడం మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి మన దేశం 2007లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ఆమోదించలేదు. ఆమోదించి, ఆ పేరుతోనే నేరంగా చట్టంలో చేర్చాలి.

మనం చెయ్యాల్సినవి కూడా ఉన్నాయి. ఎవరినైనా తీసుకెళ్తే మొదట టైము, చోటు, బండి రంగు, ఎవరు చూశారో రాసి పెట్టండి. ఆ రోజే ఎస్పీకి, మేజిస్ట్రేట్‌కి, కలెక్టర్‌కి మెసేజో మెయిలో స్పీడ్ పోస్టో పంపండి, తారీకు పడేలా. తర్వాత మెమోలో ఏ తారీకు రాసినా మన తారీకు ముందే ఉంటది. 15100కి ఫోన్ చెయ్యండి. ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెప్తుంది. మనిషి ఆచూకీ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వెయ్యొచ్చు, తల్లే వెయ్యాలని లేదు, స్నేహితుడు కూడా వెయ్యొచ్చు. కోర్టులో నిలబెట్టినప్పుడు "నన్ను పట్టుకున్నది ఫలానా రోజు" అని జడ్జి గారికి నోరు తెరిచి చెప్పమని మనోళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఇంకోటి, ఈ పోస్టు కింద బాధితుల పేర్లు, ఊర్లు రాయొద్దు. వాళ్లకి ఇంకా కష్టం తేవద్దు.

దేశం భద్రంగా ఉండాలంటే కొన్ని దాచాలి అంటారు. సరే, దాచండి. కానీ మేము కూడా దేశమే. మమ్మల్ని దాచి దేశాన్ని కాపాడటం కుదరదు.