ల్యాబు తాళంచెవి ఎవరి దగ్గర?

ఈమధ్య ఓ శనివారం మా పిన్ని కొడుకు ఇంటికి భోజనానికి వెళ్లాను. వాళ్లది పామిడిముక్కల మండలంలో ఓ పల్లెటూరు. మావాడికి ఉయ్యూరులో సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని ఇద్దరం మొదటి ముద్ద కలుపుతున్నామో లేదో, ఫోన్ మోగింది. అవతల ఎవరో పెద్దాయన. గొంతు నాక్కూడా వినబడుతోంది.

‘‘బాబూ, మా బడిలో పెద్ద టీవీ మళ్లీ నల్లబడిపోయిందయ్యా. సోమవారం తనిఖీ అంటున్నారు. కాస్త వచ్చి చూసిపోదూ!’’

‘‘అన్నం తిని వస్తానండీ మాస్టారూ’’ అన్నాడు మావాడు.

‘‘ఎవర్రా?’’ అన్నాను. ‘‘హైస్కూలు హెడ్మాస్టరు గారు. వస్తావా అన్నయ్యా, కాలక్షేపంగా ఉంటుంది’’ అన్నాడు. బండెక్కాను.

కాలువ గట్టు వెంట పది నిమిషాల దారి. వరి కోతలైన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. బడికి వెళ్లేసరికి తొమ్మిదో తరగతి గదిలో గోడకున్న పెద్ద డిజిటల్ బోర్డు మీద దుప్పటి కప్పి ఉంది. ఇంట్లో మనిషి పోతే కప్పినట్టు! మావాడు దుప్పటి తీశాడు. స్విచ్చి వేశాడు. తెర మీద ‘నో సిగ్నల్’ అని వచ్చింది. పక్కనున్న బటన్ నొక్కి, వచ్చిన జాబితాలో ఒకదాన్ని ఎంచాడు. బోర్డు వెలిగింది. రెండు నిమిషాలు పట్టలేదు.

‘‘ఇంతేనా?’’ అన్నారు హెడ్మాస్టరు గారు.

‘‘ఇంతేనండీ. ఎవరో పిల్లలు సోర్సు మార్చేశారు. దీనికి రిపేరేం లేదు.’’

‘‘పదిహేను రోజులైందయ్యా దీని మీద పాఠం చెప్పి!’’

ఆయన ముఖంలో సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కనిపించింది నాకు. నిజానికి అందులో ఆయన తప్పేముంది? ఆయన చదివింది తెలుగు పండితం. ఆయనకు ఛందస్సు వచ్చు. సోర్సు బటన్ సంగతి ఎవరూ చెప్పలేదు. జేబులోంచి రెండొందలు తీసి ఇవ్వబోయారు. మావాడు పుచ్చుకోలేదు. ‘‘మీ జేబులో డబ్బులు నాకెందుకండీ’’ అన్నాడు.

ఐదువేల బడులు, ఐదేళ్లు

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, ‘‘అసలు వీళ్లంతా నీకే ఎందుకు ఫోన్ చేస్తార్రా?’’ అని.

సంగతి ఇదీ. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదువేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టారు. 2004 చివర్లో కేంద్రం ప్రారంభించిన ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ పథకం కింద వచ్చిన ఏర్పాటది. దాన్ని ‘బూట్’ పద్ధతి అనేవారు. అంటే, ప్రైవేటు కంపెనీ కంప్యూటర్లు తెచ్చి గది సిద్ధం చేస్తుంది, తన సొంతంగా ఉంచుకుని నడుపుతుంది, ఐదేళ్లయ్యాక బడికి అప్పగించి వెళ్లిపోతుంది. పాఠం చెప్పడానికి, యంత్రాలు చూసుకోవడానికి మనుషుల్ని కూడా ఆ కంపెనీలే పెట్టుకున్నాయి. మావాడు అలా చేరినవాడే. డిగ్రీ, దానిపైన ఓ కంప్యూటర్ కోర్సు. జీతం చాలీచాలనిది. అయినా ‘సారూ’ అని పిల్లలు పిలిచే పిలుపు ఉందే, అదొక మత్తు.

2013లో ఒప్పందం గడువు తీరింది. కంప్యూటర్లు బడికి మిగిలాయి. మనుషులు ఇంటికెళ్లారు.

ఇక్కడే తిరకాసు. అప్పగింత కాగితంలో ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని కుర్చీలు, ఎన్ని బ్యాటరీలు అని రాసుకుంటారు. ఏ కంప్యూటరుకి ఏ జబ్బు, ఏ వైరు ఎక్కడ వదులు అన్నది మనిషి బుర్రలో ఉంటుంది. ఆ బుర్రను ఎవరూ అప్పగించుకోలేదు. కొన్నాళ్లకు కంప్యూటర్ గదికి తాళం పడింది.

మావాడి దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. అట్ట చిరిగితే క్యాలెండరు కాగితంతో కుట్టాడు. అందులో చుట్టుపక్కల బడుల పేర్లు, తేదీలు, వచ్చిన లోపం, చేసిన వైద్యం వరసగా రాసి ఉన్నాయి. ఉద్యోగం పోయాక కూడా రాస్తూనే ఉన్నాడు.

‘‘ఎవరికిద్దామని రాస్తున్నావురా ఇదంతా?’’ అన్నాను.

‘‘అదే తెలీదన్నయ్యా’’ అన్నాడు.

తాళాల గుత్తి పెద్దాయన

ఆ మాట వినగానే నాకు మా చిన్ననాటి బడి గుర్తొచ్చింది. మా సైన్సు ల్యాబుకి ఒక అటెండరు ఉండేవారు. ఖాకీ చొక్కా, మొలకి తాళాల గుత్తి. పిల్లలకి ఆయనంటే సైన్సు మాస్టారికంటే భయం. ఏ సీసా ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పేవారు. సోడియం ముక్కని కిరోసిన్‌లో ముంచి ఉంచాలని, లేకపోతే గాల్లో తేమ తగిలి పాడవుతుందని, నీళ్లు తగిలితే మంటే లేస్తుందని మాకు మొదట చెప్పింది ఆయనే.

ఒకసారి కొత్తగా వచ్చిన మాస్టారు సల్ఫ్యూరిక్ ఆమ్లం పలచన చేయబోయారు. గాజు బీకరులో యాసిడ్ ఉంది. ఆయన చేతిలో నీళ్ల జగ్గు ఉంది. పెద్దాయన ఒక్క అంగలో వచ్చి మాస్టారి చెయ్యి పట్టుకున్నారు.

‘‘మాస్టారూ, నీళ్లలోకి యాసిడ్ కొంచెం కొంచెంగా పొయ్యాలి గానీ, యాసిడ్‌లోకి నీళ్లు పొయ్యకూడదండీ!’’

గాఢమైన యాసిడ్‌లో నీళ్లు పడితే ఒక్కసారిగా వేడి పుట్టి, ఆ నీరు మరిగి యాసిడ్‌తో సహా పైకి చిమ్ముతుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్లం మేం ఆరుగురం. మా కళ్లు ఈరోజు ఇలా పేపరు చదువుతున్నాయంటే ఆయన చలవే. ఆయన చదివింది ఎనిమిదో తరగతి.

ఆయన రిటైరయ్యారు. ఆ ఖాళీలో మరొకరు రాలేదు. 2003లో బడుల్లో వేడివేడిగా మధ్యాహ్న భోజనం మొదలయ్యాక బియ్యం బస్తాలకి గది కావాల్సి వచ్చింది. ల్యాబులో పెట్టారు. పిల్లల ఆకలి తీరింది, అది మంచిదే. సైన్సు ఆకలి సంగతే ఎవరూ పట్టించుకోలేదు.

డెల్టాలో యంత్రాల తిప్పలు

మనది కాలువల సీమ. తేమ ఎక్కువ. వరికి మంచిదే గానీ వస్తువులకి కాదు. మైక్రోస్కోపుని వానాకాలమంతా చెక్కపెట్టెలో మూసి ఉంచితే అద్దం మీద బూజు సాలెగూడులా పాకుతుంది. పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పడేస్తే చాలా మటుకు ఆగుతుంది. దాని ఖరీదు ఎంతని! కానీ పొట్లం మార్చాలని గుర్తుంచుకునే మనిషి కావాలి.

ఇక ఎలుకలు. చేలో కోతలవగానే ఇళ్లలోకి, బడుల్లోకి వస్తాయి. వైర్లు కొరుకుతాయి. వేసవి సెలవులు మరో గండం. యూపీఎస్‌ను ఆన్‌లోనే వదిలేసి మెయిన్ కట్టేసి వెళ్లిపోతారు. బ్యాటరీ చివరిబొట్టు వరకూ ఖాళీ అయి, వారాల తరబడి అలాగే పడి ఉంటుంది. జూన్‌లో బడి తెరిచేసరికి అది చచ్చి ఊరుకుంటుంది. నల్లరేగడి ఎండకి బీటలిస్తే ఎర్తింగు గుంత పొడిబారుతుంది. దాంట్లో నాలుగు బిందెల నీళ్లు పోయాలని కరెంటు పని తెలిసినవాళ్లకి తెలుసు. బడికి తెలియదు. కంప్యూటర్ తేదీ రోజూ పాతదే చూపిస్తోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయినట్టు. అది మార్చడం టార్చిలైటులో సెల్లు మార్చినంత పని. అది తెలియక ‘కంప్యూటర్ పాడైంది’ అని మూలన పెట్టిన బడులు మావాడి నోటుపుస్తకంలోనే మూడున్నాయి.

2019లో మొదలైన ‘నాడు-నేడు’తో మన బడుల్లోకి కొత్త ఫర్నిచరు, తర్వాత పెద్ద డిజిటల్ బోర్డులు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు. వస్తువులు వచ్చినంత వేగంగా వాటిని చూసుకునే మనుషులు రాలేదు. మండల వనరుల కేంద్రాల్లో పనిచేసే ఎంఐఎస్ కోఆర్డినేటర్లు, కంప్యూటర్ ఆపరేటర్లు, సీఆర్పీల మీద ఇప్పటికే లెక్కల భారం ఉంది. వాళ్లలో ఎక్కువమంది సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు ఉద్యోగులే. 2023 డిసెంబరులో వాళ్లు మన రాష్ట్రంలో సమ్మెకు దిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి తెలంగాణలోనూ అదే జరిగింది. జీతం కోసం, భద్రత కోసం అడగడం న్యాయమే. దానికి యూనియన్ కావాలి.

కానీ నేను చెప్పేది మరో రకం సంఘం గురించి.

వాళ్లెలా చేసుకున్నారు?

టీచర్లకి మన దగ్గర యూటీఎఫ్, ఎస్టీయూ లాంటి సంఘాలున్నాయి. భౌతికశాస్త్రం చెప్పేవాళ్లకి 1984 నుంచి జాతీయ స్థాయిలో ఒక సంఘం ఉంది. ల్యాబులో సీసాలు కడిగేవాళ్లకి, కంప్యూటర్ విప్పేవాళ్లకి, ‘నీకు తెలిసింది నాకు చెప్పు, నాకు తెలిసింది నీకు చెబుతా’ అనుకునే వేదిక ఏది?

ఇంగ్లండులో సైన్సు టీచర్ల సంఘం 1901లో పుట్టింది. 1963లో మహిళా టీచర్ల సంఘంతో కలిసి ‘అసోసియేషన్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్’ అయింది. ఇప్పుడు అందులో ల్యాబ్ టెక్నీషియన్లు కూడా సభ్యులు కావచ్చు. అదే 1963లో అక్కడి స్థానిక విద్యాశాఖలు చందాలేసుకుని ‘క్లీప్స్’ అనే సంస్థ పెట్టుకున్నాయి. బడిలో ఏదైనా రసాయనం గురించి అనుమానమొస్తే ఫోన్ చేసి అడగొచ్చు. ఒక్కో రసాయనానికి ఒక్కో కార్డు ఉంటుంది. ప్రమాదమేమిటి, జాగ్రత్తలేమిటి, మిగిలింది ఎలా పారబోయాలి అన్నీ అందులో ఉంటాయి. మా తాళాల పెద్దాయన బుర్రలో ఉన్నదంతా కార్డుల మీదికి ఎక్కించారన్నమాట! 2002లో అక్కడి రాయల్ సొసైటీ బడుల్లోని టెక్నీషియన్ల పరిస్థితి మీద ప్రత్యేకంగా ఒక నివేదికే వేసింది. న్యూటన్ అధ్యక్షుడిగా ఉన్న సంస్థ, గాజు గొట్టాలు కడిగేవాళ్ల గురించి! బడుల్లో కంప్యూటర్ నెట్‌వర్కులు చూసేవాళ్లకీ అక్కడ ఓ సంఘం ఉంది. ప్రాంతాలవారీగా కలుసుకుంటారు, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటారు.

అంతదూరం ఎందుకు? కేరళ చూడండి. 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ అని మొదలుపెట్టారు. 2017లో దాన్ని ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థగా మార్చారు. బడిలో ఒక టీచరుకి కంప్యూటర్ల బాధ్యత అప్పగించి, శిక్షణ ఇచ్చారు. 2018 నుంచి ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టారు. బడిలో యంత్రాల బాగోగులు చూడ్డంలో పిల్లలే చేయి వేస్తారు. సోర్సు మార్చేసిన పిల్లాడి చేతే మళ్లీ సరిచేయించడమన్నమాట! అది ప్రభుత్వం చేసిన పని. మన దగ్గర ప్రభుత్వం చేసేదాకా ఆగాలా, మనవాళ్లు మొదలుపెట్టొచ్చా?

ఏడుగురు చాలు

ఆ సాయంత్రం మావాడికి ఒక మాట చెప్పాను. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. విద్య, విజ్ఞానం లాంటి ఆశయాలు రాసుకుని, నియమావళి తయారుచేసుకుని రిజిస్టరు చేయించుకుంటే సరిపోతుంది. పెద్ద పెట్టుబడి ఏమీ అక్కర్లేదు.

అందులో ఎవరుండొచ్చు? 2013లో ఇంటికెళ్లిన కంప్యూటర్ మాస్టార్లు, ప్రైవేటు బడుల్లో ల్యాబులు చూసేవాళ్లు, జూనియర్ కాలేజీల ల్యాబ్ అటెండర్లు, రిటైరైన పెద్దలు. ఏం చేయొచ్చు? నెలకో ఆదివారం ఏదో ఒక బడిలో కూర్చోవచ్చు. తెలుగులో చిన్న చిన్న కార్డులు రాసుకోవచ్చు: ‘యాసిడ్ పలచన చేయడం’, ‘వేసవి సెలవులకు ముందు యూపీఎస్’, ‘నో సిగ్నల్ వస్తే’. బడికొక సెట్టు గోడకి తగిలించొచ్చు. ఫోన్ చేస్తే పలికే వంతులు వేసుకోవచ్చు. పెట్రోలు ఖర్చు ఎవరిస్తారన్నది తల్లిదండ్రుల కమిటీలతో మాట్లాడొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పనివాడికి తన పని ఒక విద్య అని తోస్తుంది. ‘ఊరికే వచ్చి చూసిపోదూ’ అనే పిలుపు మారుతుంది.

ఇందులో చిక్కులు లేవని కాదు. పూట గడవని కాంట్రాక్టు ఉద్యోగికి ఆదివారం కూడా ఖాళీ ఉండదు. ‘ముందు జీతం సంగతి చూడండి, కార్డులు తర్వాత’ అంటే జవాబు చెప్పలేం. ఉచితంగా చేసేవాళ్లున్నారు కదా అని ఉద్యోగాలే వేయకపోతే మరీ మోసం. అందుకే సంఘం అనేది ఉద్యోగానికి బదులు కాకూడదు. ఈ పని ఎంత ఉందో, ఎంత విలువైనదో లెక్కతో సహా చూపించేది కావాలి. ఆ లెక్క మావాడి నోటుపుస్తకంలో ఉంది. అలాంటి పుస్తకాలు ఇంకెన్ని ఇళ్లలో అటకల మీద ఉన్నాయో!

ఈసారి మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు ఒక్క ప్రశ్న అడగండి: ‘‘ల్యాబు తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?’’ జవాబు వెంటనే వస్తే సంతోషం. ఒకరి ముఖాలొకరు చూసుకుంటే మాత్రం, ఆ గదికి తాళం పడి ఎన్నాళ్లైందో అర్థం చేసుకోండి.

నేను బస్సెక్కబోతుంటే మావాడు నోటుపుస్తకం చివరి పేజీ తీసి చూపించాడు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి ఉన్నాయి. మొదటి అంకె పక్కన వాడి పేరు, రెండో దాని పక్కన కాలేజీలో ల్యాబు చూసే స్నేహితుడి పేరు.

‘‘ఇంకో ఐదుగురు దొరుకుతారంటావా అన్నయ్యా?’’ అన్నాడు.

దొరుకుతారనే అన్నాను. ఈ ఆదివారం ఈ పేజీ చదువుతున్నవాళ్లలోనే ఉండొచ్చు కదా!