ఏరు అనగా నీరు

భద్రాచలము చుట్టునున్న అడవిపల్లెలలో కోయబాలు డొకడు దప్పికగొని బడిలో 'ఏరు' కావలెనని అడిగినాడనుకొందము. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయునికి నవ్వు వచ్చును. పిల్లవానికి తెలుగు పదములు తెలియవని నిర్ణయించును. కాని బాలుడు తప్పు పలుకలేదు. కోయభాషలో ఏరు అనగా నీరు. కొండభాషలోను అంతే. కూయిలో అది 'ఏజు'. మన పూర్వులు 'ఏఱు' అని శకటరేఫముతో వ్రాసిన పదమిదియే. సాధురేఫముతో కలిసిపోకముందు శకటరేఫ మొక ప్రత్యేకధ్వని యనుటకు కూయిలోని జకారము సాక్షి.

తెలుగు చరిత్ర వ్రాయువారు సాధారణముగా శాసనములతో ప్రారంభింతురు. క్రీ. శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనమునకు పూర్వము మన వాక్యములు మనకు దొరకవు. ఆ చీకటిలో దారి చూపునవి సోదరభాషలే. 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల బంధుత్వమును నిరూపించిరి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును, తెలుగు ధాతువులపై భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథమును 1961లోనే వెలువడినవి. తెలుగునకు అతిసమీపబంధువులు తమిళ కన్నడములు కావనియు, గోండి, కొండ, కూయి, కువి భాషలనియు నేడు పండితు లంగీకరింతురు. కోయ ఆ గోండి కుటుంబములోనిది. కావున కోయ చెడిన తెలుగు కాదు; తెలుగునకు తోబుట్టువు.

ఒక్క ఉదాహరణము చాలును. 'ఆమె వచ్చినది', 'ఆవు వచ్చినది' అని ఏకవచనమున ఒకే క్రియ వాడుదుము. బహువచనమున 'స్త్రీలు వచ్చినారు', 'ఆవులు వచ్చినవి' అని వేరుచేయుదుము. ఈ అసమత యేల? కోయభాషలో బహువచనమునను స్త్రీలు అమహత్తులతోనే చేరుదురు. అదియే ప్రాచీనరూపమనియు, మార్పు మన బహువచనమున వచ్చినదనియు కృష్ణమూర్తిగారి వాదము. బాలవ్యాకరణము బోధించు ఉపాధ్యాయునికి ఇంతకన్న జీవముగల వ్యాఖ్యానము వేరొకచోట దొరకునా?

చీనాదేశమునను ఇట్టి పాఠమే కలదు. అచ్చటి ప్రాచీనగ్రంథములు ఎల్లలలోని రోంగ్, దీ, మాన్, యీ జాతులను అనాగరికులుగా వర్ణించినవి. కాని యాంగ్జీనదికి చీనావారు పెట్టిన 'జియాంగ్' అను పేరే దక్షిణమందలి ఆస్ట్రో ఆసియాటిక్ భాషనుండి వచ్చినదని నార్మన్, మెయ్ అను పండితులు 1976లో వాదించిరి. ఏ జాతిని చిన్నచూపు చూచిరో, ఆ జాతి మాట తమ మహానదికే పేరైనది! మన సవరభాషయు ఆ ఆస్ట్రో ఆసియాటిక్ కుటుంబములోనిదే. గిడుగు రామమూర్తిగారు ఆ భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. తెలుగునకు వ్యావహారికమును కోరిన మహనీయుడే సవరలకు వారి మాటలో చదువు కావలెననుట యాదృచ్ఛికము కాదు.

ఈ ప్రాంతమును సరిహద్దులు పలుమారులు చీల్చినవి. భద్రాచలము తాలూకా 1874లో మధ్యరాష్ట్రములనుండి మదరాసు రాజధానికి, 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో దానిలో కొంతభాగము ఆంధ్రప్రదేశమునకు పోయినది. భద్రాచలము 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. భాష యీ గీతల నెరుగదు. గోదావరి గట్టునగల గొమ్ముకోయల పలుకునకు స్టీఫెన్ టైలర్ అను అమెరికా పండితుడు 1969లో వ్యాకరణము వెలువరించెను. మనము మాత్రము ప్రక్కయూరి మాట వినకయున్నాము.

కోయ తెలుగునకు ఉపకరించునని మాత్రమే దానిని ఆదరింపుమనుట స్వార్థము. అది తనను పలుకు ప్రజలకొరకు ఉన్నది. అనేక కోయకుటుంబములలో ఇప్పటికే తెలుగు మాతృభాషయైనది. తన మాటకు బడిలో నవ్వు ఎదురైన పిల్లవాడు రేపు తన బిడ్డకు ఆ మాట నేర్పడు. 2004లో నాటి ఆంధ్రప్రదేశమున కోయతో సహా ఎనిమిది భాషలలో ప్రాథమికబోధ ఆరంభమైనది. ప్రణాళికలు ప్రభుత్వము వేయవచ్చును. నవ్వకుండుట ఉపాధ్యాయుని చేతిలోనే యున్నది.

ఉపాధ్యాయమిత్రులారా! బాలుడు ఏరు అడిగినప్పుడు ముందు నీరిండు. పిదప నల్లబల్లపై ఏరు, ఏఱు అని ప్రక్కప్రక్కన వ్రాసి, ఆ మాట కథ తరగతికెల్ల చెప్పుడు. ఆనాడు నేర్చుకొనువాడు ఆ బాలుడొక్కడే కాడు.