ఇంటిపేరు దగ్గర ఆగిపోతున్న డిజిటల్ చదువు

మీ ఫోన్‌లో చదువు కోసం ఎన్ని యాప్‌లున్నాయో ఓసారి లెక్కపెట్టండి. కాలేజీ అటెండెన్స్‌కి ఒకటి, వీడియో పాఠాలకి ఇంకోటి, మాక్ టెస్టులకి మరోటి. ప్రతిదానికీ ఓ లాగిన్, ఓ పాస్‌వర్డ్. దీంట్లో వచ్చిన మార్కులు దానికి తెలియవు. అదే డబ్బయితే? ఫోన్‌పేలోంచి గూగుల్ పేకి క్షణంలో వెళ్తుంది. కంపెనీలు వేరైనా, 2016లో వచ్చిన యూపీఐ అనే ఒకే పద్ధతిని రెండూ పాటిస్తాయి కాబట్టి.

చదువుకీ అలాంటి ఉమ్మడి పద్ధతులున్నాయి. ‘ఎల్‌టీఐ’ పాటిస్తే కాలేజీ పోర్టల్లో ఒక్కసారి లాగిన్ అయి, అక్కణ్నుంచే బయటి క్విజ్ యాప్ తెరవొచ్చు. మార్కులు తిరిగి పోర్టల్‌లోకే వచ్చి పడతాయి. ‘స్కార్మ్’ పద్ధతిలో తయారైన పాఠాన్ని ఒక సిస్టమ్‌లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు.

మన దేశంలో 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ది కూడా ఇదే ఆలోచన. డిగ్రీలో సంపాదించిన క్రెడిట్లు మీ ఖాతాలో జమవుతాయి, కాలేజీ మారినా వెంట వస్తాయి. ‘స్వయం’లో చేసిన ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లూ కలుపుకోవచ్చు. వీటన్నిటికీ తాళంచెవి 12 అంకెల అపార్ ఐడీ.

మనవాళ్లకి చిక్కు వచ్చేది ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. ‘లక్ష్మి’ స్పెల్లింగులో ఒకచోట ‘ఎక్స్’, ఇంకోచోట ‘కె ఎస్ హెచ్’. మనిషి చూస్తే ఒక్కరేనని ఇట్టే తెలుస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు! దాంతో ఐడీ దగ్గరే బండి ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్లని కలపడం ఇంజనీర్ల పని. పేర్లు రాసే తీరుని గుర్తించి, చిన్న తేడాలని పరిశీలించి సరిచేసే ఏర్పాటు పెట్టడం మాత్రం కాలేజీలూ బోర్డులూ చెయ్యాల్సిన పని. ఆ భారం మొత్తం విద్యార్థి మీదే వేస్తే ఎలా?

అప్పటిదాకా మీ జాగ్రత్తలో మీరుండండి. టెన్త్ మెమో, ఆధార్, కాలేజీ రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా రెండే అవకాశాలుంటాయి, తొందరపడొద్దు. ప్రతి సెమిస్టర్ అయ్యాక క్రెడిట్లు మీ ఖాతాలో పడ్డాయో లేదో చూడండి. పడకపోతే వెంటనే పరీక్షల విభాగంలో అడగండి. సర్టిఫికెట్ చేతికొచ్చే రోజు కంటే ఇవాళ అడగడమే తేలిక.