మైకు కొనుక్కోవచ్చు, గదో?

అమెరికా ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి ఎంపికల్లో తెర కట్టి వాద్యం వినడం మొదలుపెట్టాయి. నడకను బట్టి ఆడమనిషని తెలిసిపోకుండా కింద తివాచీ కూడా పరిచారు. ఆ తర్వాతి ఏళ్లలో వాటిలో స్త్రీల సంఖ్య పెరిగింది. ఇప్పుడు చాలాచోట్ల ఆ తెర దాకా రావాలంటే ముందు ఇంట్లో రికార్డు చేసి పంపమంటున్నారు. ఇక్కడ పాటల పోటీలకీ అదే పద్ధతి వచ్చింది.

ఏ మైకు కొనాలని అడిగితే కండెన్సర్ మైకు కొనమంటారు. అది సన్నని గమకాన్నే కాదు, కుక్కర్ కూతనీ, పిల్లాడి ఏడుపునీ, "ఇంకా అవలేదా?" అన్న కేకనీ పట్టేస్తుంది. తెర దాచిన ఆడతనాన్ని మైకు బయటపెడుతుంది!

పాటకయితే నోటికి దగ్గరగా పెట్టుకునే డైనమిక్ మైకు మేలు; చుట్టుపక్కల చప్పుడు తక్కువ వినిపిస్తుంది. గోడలకి దుప్పట్లు కడితే ప్రతిధ్వని తగ్గుతుంది. కానీ రెండు గంటలు తలుపేసుకునే స్వేచ్ఛని ఏ దుకాణం అమ్ముతుంది?

రికార్డింగు అడిగే సంస్థలే నిశ్శబ్దమైన గదినీ, మైకునీ ఉచితంగా ఇవ్వాలి. ఫోనులో రికార్డు చేసినా మార్కులు తగ్గించబోమని ముందే ప్రకటించాలి. ఆ రెండు గంటలూ ఇంట్లో మగవాళ్లు పొయ్యి దగ్గర నిలబడాలి. మనం అడుగుతున్నది దయ కాదు, హక్కు.