కాదనేవారు లేని సెట్టు

క్లింట్ ఈస్ట్‌వుడ్‌కు తొంభై ఒక్క ఏళ్లున్నప్పుడు విడుదలైన ‘క్రై మాచో’ సంగతి ఎత్తితే చాలు, సినిమా మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు రెండు జట్లయిపోతారు. 2021 సెప్టెంబరులో వచ్చిన సినిమా అది. తగువు ఇంకా తెగలేదు. ఒక జట్టు ఆ గుద్దు దగ్గర మొదలుపెడుతుంది. ఆ వయసు మనిషి కొడితే వయసులో ఉన్న రౌడీకి ఏమవుతుంది? మంచి ఈడులో ఉన్న ఆడమనిషి ఆయన్ని పడగ్గదిలోకి రమ్మనడం ఎవరు నమ్మాలి? ఎప్పుడో గుర్రం మీంచి పడి నడుం విరిగిన రోడియో వీరుడని కథ అంటుంది గానీ, నడక చూస్తే నిన్న పడినట్టుందే అని ఎకసెక్కం. రెండో జట్టు వీటికి జవాబు చెప్పదు. 1992లో ‘అన్‌ఫర్‌గివెన్’ తీసిన మనిషి మళ్లీ ఇన్నాళ్లకు గుర్రమెక్కాడు, అది చూడలేదా అంటుంది. అభిమానానికి లెక్కలు అక్కర్లేదు కాబట్టి వాళ్లకు అంతటితో వాదన ముగిసినట్టే.

ఇద్దరూ చెబుతున్నది నిజమే. కాకపోతే ఒకరు నటుణ్ని మాత్రమే చూశారు, ఇంకొకరు నటుడి జ్ఞాపకాన్ని చూశారు. ఆ నటుడి మీద కెమెరా పెట్టించిన దర్శకుడు కూడా ఆయనేనన్న సంగతి రెండు జట్లకూ పట్టలేదు. ఈ సినిమాలో మంచీ చెడూ రెండూ అక్కణ్నించే వచ్చాయని మా అభిప్రాయం.

ఈ కథ చాలా చేతులు తిరిగింది. ఎన్. రిచర్డ్ నాష్ దీన్ని మొదట సినిమా కోసమే రాశాడు. స్టూడియో వద్దంటే నవలగా మార్చి 1975లో అచ్చు వేయించాడు. నిర్మాత ఆల్బర్ట్ రడ్డీ 1988లో ఈస్ట్‌వుడ్ దగ్గరికి తీసుకెళ్తే, ఈ పాత్రకు నాకింకా వయసు చాలదు, రాబర్ట్ మిచమ్‌ను పెట్టండి, కావాలంటే నేను దర్శకత్వం వహిస్తాను అన్నాడాయన. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిది. అదే ఏడు ‘డర్టీ హ్యారీ’ వరుసలో ఐదోదీ ఆఖరుదీ అయిన ‘ది డెడ్ పూల్’లో తుపాకీ పట్టుకుని తిరిగాడు. 1991లో రాయ్ షైడర్‌తో షూటింగు మొదలై ఆగిపోయింది. గవర్నరు గిరీ దిగిపోయాక ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ చేస్తాడని ప్రకటన వచ్చి, అదీ వెనక్కిపోయింది. చివరికి కరోనా కాలంలో, 2020 శీతాకాలం ముందర, న్యూమెక్సికో రాష్ట్రంలో ఈస్ట్‌వుడ్డే తీశాడు, ఈస్ట్‌వుడ్డే నటించాడు.

వయసు కోసం కాచుకోవడం ఆయనకు కొత్త కాదు. ‘అన్‌ఫర్‌గివెన్’ కథ హక్కులు ఎనభైల మొదట్లోనే కొని పెట్టుకుని, ఆ ముసలి హంతకుడి పాత్రకు తన ముఖం సరిపడే దాకా ఆగాడు. అరవై రెండో ఏట తీశాడు, ఉత్తమ చిత్రానికీ, ఉత్తమ దర్శకత్వానికీ ఆస్కార్లు అందుకున్నాడు. ఆ సినిమాలో మనిషి గుర్రమెక్కబోయి జారిపడుతుంటే ప్రేక్షకుడికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఎందుకంటే ఆ మనిషి కాస్సేపట్లో ఎంతమందినైనా చంపగలడని తెలుసు. ‘క్రై మాచో’కు వచ్చేసరికి అదను దాటిపోయింది. యాభై ఎనిమిదికి వయసు చాలదన్న పాత్రను తొంభైలో వేశాడు. మధ్యలో ఏ డెబ్భయ్యో ఏటనో చేసి ఉంటే ఈ తగువే ఉండేది కాదు. బహుశా ఆ సినిమా గుర్తు కూడా ఉండేది కాదు.

తొంభై ఏళ్ల నటుణ్ని పెట్టుకుని ఈ కథ తీయమని వేరే దర్శకుడికి అప్పగిస్తే ఏం చేసేవాడు? షాట్లు ముక్కలు ముక్కలుగా కోసేవాడు. నడిచేటప్పుడు ముఖం, ఆగినప్పుడు ఒళ్లు చూపించేవాడు. కారు తలుపు తీసి దిగడానికి పట్టే సమయాన్ని ఎడిటింగులో మాయం చేసేవాడు. తలకు రంగు, ముఖానికి మెత్తటి లైటు, వీపుకు డూపు ఎలాగూ ఉంటాయి. ఈస్ట్‌వుడ్ పొగరుబోతు గుర్రాన్ని లొంగదీసేచోట తప్ప దేన్నీ దాచలేదు. దిగడానికి ఎంతసేపు పడితే అంతసేపూ కెమెరా నిలబడింది. ఆయన సెట్టులో ‘యాక్షన్’ అన్న కేక వినపడదని ప్రతీతి. ‘రాహైడ్’ టీవీ సీరియల్ రోజుల్లో ఆ కేకకు గుర్రాలు బెదిరిపోవడం చూసి మానుకున్నానంటాడు. ఒకటి రెండు టేకుల్లో ముగించడం కూడా పేరుపడిన అలవాటే. తన విషయంలోనూ ఆ అలవాటు మార్చుకోలేదు. గొంతు తడబడితే తడబడినట్టే ఉంచేశాడు.

ఇంకో టేకు చేద్దామండీ అని చెప్పాల్సిన మనిషీ, చేయాల్సిన మనిషీ ఒక్కరే కావడం వల్ల వచ్చిన నష్టం కూడా అక్కడే ఉంది. గుద్దు సీను తీసేద్దామని ఎవరైనా చెప్పి ఉండాల్సింది. కథలో ముసలాయన సరిహద్దు దాటించాల్సిన పిల్లవాడికి మెక్సికో నగరంలో ఉన్న తల్లి, లేటా పాత్ర ఇంకా ఘోరం. డబ్బు, మద్యం, కోరిక తప్ప ఆమెకు వేరే బతుకు లేదు. ముసలాయన కాదన్నందుకు మండిపడటానికే ఆమెను పుట్టించారు. నిజానికి తగువుపడాల్సింది ఇక్కడ. ఆమె అంత చిన్నది, ఆయన అంత ముసలి, పిలుస్తుందా లేదా అని జనం వయసు లెక్కలు వేసుకున్నారే తప్ప, మెక్సికో ఆడవాళ్లంటే అయితే రంకు లేకపోతే రొట్టెలు కాల్చే చేయి మాత్రమేనా అని అడిగినవాళ్లు తక్కువ.

ఇలాంటిదే ఈస్ట్‌వుడ్ ‘గ్రాన్ టొరినో’కూ జరిగింది. 2008 నాటి ఆ సినిమా రాసిన నిక్ షెంకే ‘క్రై మాచో’ స్క్రిప్టుకూ చేయి వేశాడు. కొరియా యుద్ధంలో పోరాడి, ఫోర్డ్ కంపెనీలో పనిచేసి రిటైరైన వాల్ట్ కొవాల్‌స్కీ పక్కింటి హ్మాంగ్ కుటుంబాన్ని నోటికొచ్చిన తిట్లు తిడుతూనే, చివరికి వాళ్ల కుర్రాడి కోసం ప్రాణం ఇస్తాడు. అమెరికా గూఢచారి సంస్థ తరఫున లావోస్‌లో పోరాడి, 1975 తర్వాత నిలువ నీడ లేక వలసపోయిన జాతి అది. వాళ్ల ముఖాలు హాలీవుడ్ తెర మీద అంత సేపు కనిపించడం అదే మొదలు. ప్రపంచమంతా కలిపి 27 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. ఆ కుర్రాడి పాత్ర వేసిన బీ వాంగ్ తర్వాత తర్వాత గట్టిగానే చెప్పుకొచ్చాడు: ఆ తిట్లకు హాలులో జనం పగలబడి నవ్వుతుంటే తనకు ఎలా ఉండేదో, ఆసియా వాళ్ల మీద ద్వేషం ఆ నవ్వులోంచి ఎలా పెరుగుతుందో రాశాడు. ఈస్ట్‌వుడ్ అభిమానుల్లో ఇది ఎప్పుడూ పెద్ద చర్చ కాలేదు. ఆస్కారుకు ఆయన పేరు ఎందుకు ఎక్కలేదన్నదే పెద్ద చర్చ.

ఇంత అన్నాక ‘క్రై మాచో’ మధ్యభాగాన్ని వెనకేసుకు రావలసిన పని మాదే. మైక్ మైలో, పదమూడేళ్ల రాఫో, పందెం కోడి ‘మాచో’ ముగ్గురూ సరిహద్దు చేరే దారిలో ఒక ఊళ్లో ఆగిపోతారు. మార్తా అనే విధవరాలు అక్కడ చిన్న హోటలు నడుపుతుంటుంది. అక్కణ్నించి కథ కదలదు, కదలాలనీ అనిపించదు. ముసలాయన గుర్రాలను మచ్చిక చేస్తాడు, చెవిటి పిల్లతో చేతి సైగలతో మాట్లాడతాడు. ఈయనకు పశువుల సంగతి తెలుసట అని ఊరివాళ్లు ఒక్కొక్కరే మేకల్నీ పందుల్నీ తీసుకొస్తారు. ఒకరు నీరసపడిన కుక్కను తెస్తారు. చూసి, ముసలితనానికి నా దగ్గర మందు లేదంటాడు మైక్. ఈ మాట ఏ రచయితయినా రాయగలడు. అరవై ఏళ్ల నటుడు అంటే తెలివైన డైలాగు అనుకుని మరిచిపోతాం. ఇక్కడ ఆయన ఆ మాటను బరువు పెట్టకుండా, కుక్క వైపే చూస్తూ అనేసి ఊరుకున్నాడు. దర్శకుడు కూడా ముఖం దగ్గరికి పోలేదు. మగతనం గురించి కుర్రాడికి చెప్పే హితబోధ కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. ఆ హితబోధ సీనును ప్రచారానికి వాడుకున్నారు, దాన్నే అందరూ తలుస్తుంటారు.

పెళ్లాం బిడ్డా కారు ప్రమాదంలో పోయిన సంగతి మైక్ చెప్పే సీను కూడా అంతే. మేరీమాత మందిరంలో చీకట్లో పడుకుని, టోపీ నీడలో కళ్లు దాచుకుని చెబుతాడు. ఏడుపు నటించగల వయసులో ఉన్నప్పుడు ఈస్ట్‌వుడ్ తెర మీద ఏడ్చింది తక్కువ. ఇక్కడ ఒక్క చుక్క బయటికొస్తే, అది ఎవరిదో చెప్పడం కష్టం.

తెలుగువాడికి ఈ చర్చ వింటుంటే 1991 గుర్తుకు రాకుండా ఉండదు. ఆ సంక్రాంతికి ‘సీతారామయ్యగారి మనవరాలు’ వచ్చింది. అరవై ఆరేళ్ల అక్కినేని నాగేశ్వరరావు తాతగా కూచున్నారు, దర్శకుడు క్రాంతికుమార్. మూడు నెలలు తిరిగాక ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’ వచ్చింది. అరవై ఎనిమిదికి చేరువైన ఎన్.టి. రామారావు తానే దర్శకుడు, తానే విశ్వామిత్రుడు. మొదటిది ఊరూరా ఆడింది, రెండోది ఆడలేదు. పరాజయానికి కారణాలు చాలా చెప్పారు: ముఖ్యమంత్రిగా దిగిపోయాక వచ్చిందనీ, పౌరాణికాల కాలం చెల్లిందనీ. మాకు తోచే కారణం వేరు. ‘దానవీరశూర కర్ణ’ను యాభై మూడేళ్ల ఈడులో మూడు వేషాలు కట్టి, తానే తీసి, 1977లో ఊపు ఊపిన మనిషికి పధ్నాలుగేళ్ల తర్వాత కూడా ఆ సెట్టులో ‘ఈ షాటు వద్దు సార్’ అనేవాడు లేడు. గడ్డం, జటలు, కాషాయం వయసును కప్పేశాయి. పౌరాణికంలో ఉన్న చిక్కే అది. వేషం కట్టాక ముసలితనం ఋషికి అలంకారం అయిపోతుంది, నటుడిది కాకుండా పోతుంది. మరుసటేడు తన దర్శకత్వంలోనే ‘సామ్రాట్ అశోక’ చేశారు, అదీ నిలబడలేదు. రాఘవేంద్రరావు చేతిలో పడిన ‘మేజర్ చంద్రకాంత్’ 1993లో ఘనవిజయం. కాదనగలిగిన దర్శకుడు ఒకడుంటే ఆ గొంతు ఎంత పలుకుతుందో జనం మళ్లీ విన్నారు.

అంతకుముందు చిత్తూరు నాగయ్య ఉన్నారు. అరవయ్యో ఏట, 1964లో, తానే తీసి తానే వేసిన ‘రామదాసు’ ఏళ్ల తరబడి షూటింగు సాగి, ఆయన్ని ఆర్థికంగా కుంగదీసింది. ఆ సినిమా గురించి మన దగ్గర జాలి ఉంది, చర్చ లేదు. పోయినవాళ్లను పొగడటం, ఉన్నవాళ్లకు పాలాభిషేకం చేయడం, ఈ రెండింటికి మధ్య మన అభిమానులకు మూడో పని తెలియదు. అరవై దాటిన హీరో ముప్పై ఏళ్ల హీరోయిన్‌తో స్టెప్పులేస్తుంటే విజిల్ వేసినవాడే ఇంటికొచ్చి ఈస్ట్‌వుడ్ గుద్దు చూసి నవ్వుతాడు.

లెక్కలకొస్తే ‘క్రై మాచో’ నష్టమే. 3.3 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి దాదాపు 1.65 కోట్లు వచ్చాయి. థియేటర్లలో పడిన రోజే ఇంట్లో చూసుకునేలా హెచ్‌బీఓ మ్యాక్స్‌లోనూ పెట్టారు, అది ఆ ఏడాది వార్నర్ సినిమాలన్నిటికీ పట్టిన గతే. మరుసటేడు సంస్థ చేతులు మారింది. డబ్బు రాదని తెలిసి ఎందుకు ఒప్పుకున్నారని కొత్త అధిపతి అడిగితే, ఇన్నేళ్ల అనుబంధం, ఈస్ట్‌వుడ్‌కు రుణపడి ఉన్నామని అధికారులు చెప్పారనీ, మనం ఎవరికీ బాకీ లేమని ఆ అధిపతి కొట్టిపారేశారనీ పత్రికల్లో వచ్చింది. తొంభై ఏళ్ల దర్శకుడికి ‘కాదు’ అనే గొంతు అలా దొరికింది. అయితే అది సెట్టులోంచి రాలేదు, ఖాతా పుస్తకంలోంచి వచ్చింది. ఏ సీను తీసేయాలో చెప్పగలిగిన ‘కాదు’ అది కాదు.

2024లో అదే సంస్థ ఆయన ‘జ్యూరర్ నంబర్ 2’ను అమెరికాలో యాభై కంటే తక్కువ థియేటర్లకు పరిమితం చేసింది. తొంభై నాలుగేళ్ల మనిషికి చేసిన అవమానమని అభిమానులు మండిపడ్డారు, సబబే. ఈ సినిమాలో ఈస్ట్‌వుడ్ తెర మీద లేడు. హత్య కేసులో జ్యూరీలో కూచున్న యువకుడికి, ఆ చావుకు తన కారే కారణమేమోనని అనుమానం వస్తుంది. ఇంట్లో భార్య నిండు చూలాలు. ఒకప్పటి తాగుడు అలవాటు వెంటాడుతోంది. నోరు విప్పితే తాను జైలుకు, విప్పకపోతే ఇంకొకడు జైలుకు. నికొలస్ హోల్ట్ ముఖం మీద ఈ బేరం సాగుతున్నంతసేపూ కెమెరాకు తొందర లేదు, మార్తా హోటల్లో ఉన్నప్పటిలాగే. చూసినవాళ్లు ఈసారి ఎవరు ఎలా నడిచారని అడగలేదు. చివర్లో ప్రాసిక్యూటరు ఆ యువకుడి ఇంటి తలుపు తట్టడం న్యాయమా, ఆమె అక్కడిదాకా రాకుండా ఉండాల్సిందా అని వాదించుకున్నారు.